ఆసక్తి లేనివారు కావలెను

బోడితిప్ప కేంద్రానికి మనస్తత్వ నిపుణుడి అవసరం ఒక గ్రైండరు వల్ల కలిగింది.

కేంద్రం పూర్తి పేరు భూమ్యేతర జీవాన్వేషణ కేంద్రం. రాయలసీమలో, చుట్టూ పది మైళ్ళ దాకా వేరుశనగ చేలు తప్ప మరేమీ కనిపించని ఒక గుట్ట మీద ఉంది. ఆకాశంలోకి నోరు తెరుచుకున్న పెద్ద ఇనప పళ్ళెం, దాని కింద మూడు భవనాలు, ఒక క్యాంటీను. పళ్ళెంలో పడ్డ రేడియో తరంగాల్లో ఏదైనా వింతగా తోస్తే యంత్రం దాన్ని శబ్దంగా మార్చి వినిపిస్తుంది. ఒక మనిషి కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, భూమి బయటి ప్రాణుల దగ్గర్నుంచి కబురు "వచ్చింది" అనో "రాలేదు" అనో రిజిస్టర్లో రాయాలి. ముప్పై ఏళ్ళపాటు ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళందరూ "రాలేదు" అనే రాశారు. ముప్పై ఒకటో ఏట, పదవీ విరమణకి నెల రోజుల ముందు, అప్పటి డైరెక్టరు గారు స్వయంగా కూర్చుని "వచ్చింది" అని రాశారు.

రోజూ తెల్లవారుజామున సరిగ్గా ఐదింటికి మొదలై అరగంట సాగే గంభీరమైన ఘోష అది. అందులో అంతరించిపోతున్న ఒక నాగరికత తాలూకు విషాదం ఉందని ఆయన పత్రికల వాళ్ళకి చెప్పారు. మంత్రిగారు శాలువా పట్టుకుని వచ్చారు. ఎవరికి కప్పాలో ఎవరూ చెప్పలేకపోవడంతో పళ్ళెం తాలూకు స్తంభానికి కప్పి వెళ్ళారు. ఆరో రోజున క్యాంటీన్ మాస్టరు సెలవు పెట్టాడు. ఆ రోజు విశ్వం మౌనం వహించింది. ఇడ్లీలు కూడా లేవు.

విచారణ సంఘం వేశారు. సంఘం నాలుగు వందల పేజీల నివేదిక ఇచ్చింది. అందులో క్యాంటీను గ్రైండరును పూర్తిగా నిర్దోషిగా తేల్చారు. "గ్రైండరు తన విధ్యుక్త ధర్మమును నిర్వర్తించినది. దోషము శ్రోతయందు కలదు. వినవలెనను కోరికయే విన్నది" అని రాశారు. ఆ మాట ఎవరు రాశారో గానీ మనసు సంగతి తెలిసినవాడే రాశాడు. ఇబ్బందల్లా దాన్ని అర్థం చేసుకున్నవాళ్ళతో వచ్చింది.

కొత్త డైరెక్టరుగా కోదండపాణి గారు వచ్చారు. అంతకుముందు ఆయన మత్స్యశాఖలో పనిచేశారు. నక్షత్రాల మీద ఆయనకి ఏ అభిప్రాయమూ లేదు. చేపల మీద కూడా ఉండేది కాదట. ఆయన చేరిన రోజునే పద్నాలుగో నంబరు సర్క్యులరు వెలువడింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, భూమ్యేతర జీవము లభించవలెనని ఆశించు ఏ ఉద్యోగియు ఇకమీదట భూమ్యేతర జీవమును అన్వేషించరాదు."

ఎవరు ఆశిస్తున్నారో తేల్చడానికి నన్ను పిలిపించారు. నేను నిరాసక్తత మీద పరిశోధన చేసినవాణ్ణి. నా గ్రంథాన్ని ఎవరూ చదవలేదు. అది నా సిద్ధాంతానికి బలం చేకూర్చిందని అప్పట్లో సంతోషించాను. ఒంటరివాణ్ణి. గుట్ట మీద గది ఇస్తామంటే, ఊళ్ళో గదికీ గుట్ట మీద గదికీ తేడా ఏముందనుకుని వచ్చాను. నాకు దేనిమీదా పెద్దగా ఆసక్తి లేదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షించుకోవాలన్న ఆసక్తి కూడా ఉండేది కాదు.

పరీక్ష నేనే తయారుచేశాను. వేలికి ఒక పట్టీ కడతాను. అది నాడినీ చెమటనీ కొలుస్తుంది. ఇరవై వాక్యాలు చదువుతాను. "ఫలానా గ్రహం మీద నీటి ఆవిరి ఉంది" అంటాను. ఆపైన "బుధవారం కరెంటు ఉండదు" అంటాను. వాక్యానికి ముందున్న అంకెకీ, తరువాత వచ్చిన అంకెకీ మధ్య వ్యత్యాసమే ఆసక్తి. ఏడు దాటితే ఆ మనిషి కుర్చీకి అనర్హుడు. ఆఫీసు సిబ్బంది నీటి ఆవిరికి చలించలేదు గానీ బుధవారం కరెంటుకి అరవై దాకా వెళ్ళారు. శాస్త్రవేత్తలు పద్నాలుగు మందీ నీటి ఆవిరి దగ్గరే పడిపోయారు.

ఒకరిని తోటపనికి వేశారు. ఒకరికి గెస్టుహౌసు దుప్పట్లు అప్పజెప్పారు. డాక్టర్ రెడ్డెమ్మని స్టేషనరీ స్టోర్సులో కూర్చోబెట్టారు.

రెడ్డెమ్మ ఈ గుట్ట కింది పల్లె మనిషి. పళ్ళెం కట్టే రోజుల్లో వాళ్ళమ్మ ఇక్కడ ఇసుక మోసింది. తల్లి వెంట వచ్చిన పిల్ల ఇంత పెద్ద పళ్ళెంలో ఎవరికి వడ్డిస్తారని మేస్త్రీని అడిగిందట. మేస్త్రీ ఏం చెప్పాడో ఆమెకి గుర్తులేదు. జవాబు దొరకలేదన్నది మాత్రం గుర్తుంది. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని బెంగుళూరు దాకా వెళ్ళి చదువుకుని, మళ్ళీ ఇదే గుట్టెక్కి, పదకొండేళ్ళు ఆ కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు పెన్సిళ్ళు ఇస్తోంది. పెళ్ళి, ఇల్లు, ప్రమోషను, వీటిలో దేన్ని గురించీ ఆమె మాట్లాడగా నేను వినలేదు. ఆమెకి కావలసింది ఆ కుర్చీ.

నిబంధన ప్రకారం మనిషికి మూడు అవకాశాలు. మొదటిసారి ఆమెకి తొంభై ఆరు వచ్చింది. రెండోసారి, నెల రోజులు ప్రాణాయామం చేసి వచ్చినప్పుడు, తొంభై ఒకటి. మూడోసారి కూడా తప్పితే శాశ్వతంగా భూగర్భ జలశాఖకి బదిలీ చేస్తారు. ఆమె ఆకాశం చూసే మనిషి కాబట్టి సమతుల్యం కోసం ఆ శాఖని ఎంపిక చేసినట్టు కోదండపాణి గారు నాతో అన్నారు.

కుర్చీ ఖాళీగా ఉంది. "ఆసక్తి లేనివారు కావలెను" అని పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. ఆరు వందల నలభై దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తు చేశారన్న కారణంగా అన్నింటినీ తిరస్కరించారు. దరఖాస్తు చేయనివారి జాబితా పంపమని జిల్లాలకి లేఖలు వెళ్ళాయి. ఒక జిల్లా నుంచి నిజంగానే జాబితా వచ్చింది. అది ఓటర్ల జాబితా.

చివరికి మనిషిని నేనే కనిపెట్టాను. ఒక ఆదివారం కిందికి దిగి, తాలూకా బస్టాండులో బస్సు కోసం నిలబడ్డాను. ఎంక్వైరీ కౌంటర్లో యాభై ఏళ్ళ మనిషి పెద్ద పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పేరు ఓబులేసు. ఎవరేమడిగినా తల ఎత్తకుండా "వస్తాది" అంటున్నాడు. ఎప్పుడొస్తుందని అడిగితే "వచ్చినప్పుడు" అంటున్నాడు. కోపంతో ఒకాయన కౌంటరు గుద్దితే, పుస్తకం రెండంగుళాలు పక్కకి జరిగింది. దానితోపాటు ఓబులేసు చూపు కూడా రెండంగుళాలు జరిగింది. ఇంతలో ఒకావిడ టిఫిన్ క్యారియరు పట్టుకుని వచ్చి, నేనే, అన్నం తెచ్చినా అంది. ఆమెకీ "వస్తాది" అన్నాడు. ఆవిడ అతని భార్యని పక్కనున్న సోడా కొట్టతను నాకు చెప్పాడు.

నేను ఆ రోజు ఎక్కాల్సిన బస్సు ఎక్కలేదు.

ఓబులేసు పరీక్షలో సున్నా వచ్చింది. నీటి ఆవిరికి సున్నా, బుధవారం కరెంటుకి సున్నా. పదిహేడో వాక్యం దగ్గర అంకె సున్నా కన్నా కిందికి దిగింది. చూస్తే నిద్రపోతున్నాడు. డెప్యుటేషను మీద రప్పించారు. వస్తావా అని అడిగితే రానని చెప్పడం కూడా అతనికి ఒక పనే అయింది కాబట్టి వచ్చేశాడు. కోదండపాణి గారు మురిసిపోయి, నిరాసక్తతకి ప్రమాణంగా "ఒక ఓబులేసు" అన్న కొలమానాన్ని ప్రకటించారు. ఆయన తన్ను తాను కొలిపించుకుని సున్నా పాయింటు తొమ్మిది ఓబులేసులు తెచ్చుకున్నారు. ఆ కాగితం ఫ్రేము కట్టించి తన గదిలో పెట్టుకున్నారు. ఫ్రేము ఎక్కడ వేలాడదీయాలన్న విషయంలో మాత్రం రెండు రోజులు చాలా పట్టింపుగా ఉన్నారు.

మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఓబులేసు డ్యూటీ. ఉదయం ఎనిమిది నుంచి రెండు దాకా ఇంకొకాయన ఉండేవాడు గానీ, హెడ్‌ఫోన్లలో వచ్చే శబ్దానికి కాలితో తాళం వేస్తున్నాడని తెలిసి తీసేశారు. రాత్రి ఎవరూ ఉండరు. రాత్రిపూట కూడా వినాలనుకోవడం అత్యాశ కిందికి వస్తుందని న్యాయ విభాగం అభిప్రాయపడింది.

తరువాత సవరణలు వచ్చాయి. శాస్త్రవేత్తలు ఉన్న రోజుల్లో గ్రహాలు ఉండగల నక్షత్రాలను ఏరుకుని పళ్ళేన్ని అటు తిప్పేవారు. కొన్ని నక్షత్రాలను ఎంచుకోవడం తక్కిన నక్షత్రాల పట్ల పక్షపాతమని మొదటి సవరణ తేల్చింది. అసలు ఆకాశాన్నే ఎంచుకోవడం భూమి పట్ల పక్షపాతమని రెండో సవరణ తేల్చింది. జీవం పైనే ఉంటుందని మనకి ముందే ఎవరు చెప్పారని కోదండపాణి గారు సమావేశంలో అడిగారు. నెల మార్చి నెల పళ్ళేన్ని వేరుశనగ చేల వైపు వంచాలని ఉత్తర్వు. వంచుతుండగా సగం దారిలో మోటారు కాలిపోయింది. బాగుచేయడానికి వచ్చిన ఇంజనీరు చకచకా పనిలోకి దిగడం చూసి అనుమానమొచ్చి నా దగ్గరికి పంపారు. డెబ్బై వచ్చింది. అతన్ని పంపేశారు. ఆనాటి నుంచి పళ్ళెం అటూ ఇటూ కాకుండా, ఒకే దిక్కుకి ఏటవాలుగా చూస్తూ ఉండిపోయింది.

మూడో సవరణా నాలుగో సవరణా క్యాంటీనుకి సంబంధించినవి. ఐదోది ముఖ్యమైనది. "రిజిస్టరునందు 'వచ్చింది' అని వ్రాసిన ఉద్యోగిని ఆసక్తి గలవారిగా పరిగణించి, సదరు నమోదును రద్దుపరచి, సదరు ఉద్యోగిని తక్షణమే కుర్చీ నుండి తొలగించవలెను." దీంతో పొరపాటుకి తావే లేకుండా పోయింది. ఇతర శాఖలవాళ్ళు కూడా చూడడానికి వస్తున్నారు. అగ్నిమాపక శాఖ నుంచి వచ్చిన ఒక అధికారి, తమ సిబ్బందిలో మంట ఆరాలని కోరుకునే వాళ్ళు ఎందరున్నారో తేల్చి పెట్టమని నన్ను అడిగి, ప్రయాణ ఖర్చులు ఇస్తామన్నారు.

రెడ్డెమ్మ మూడో పరీక్షకి నెల గడువుంది. ఆమె ఓబులేసు దగ్గర శిష్యరికం మొదలుపెట్టింది. నాలుగింటికి టీ విరామంలో ఓబులేసు వసారాలోకి వచ్చేవాడు. ఆమె స్టోర్సు రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చునేది. నేనూ టీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. వృత్తి రీత్యా గమనించడానికి అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

"ఎట్ల నేర్చుకుంటివన్నా ఇది?" అని మొదటి రోజు ఆమె అడిగింది.

"మొదట్లో నేనూ తలెత్తి సూసేటోన్నే మేడం. మొగం సూసినామా, వాల్ల పెండ్లికి మనమే లేటైనట్టు ఉంటాది. గడియారం సూడు. మనిషిని సూడాకు" అన్నాడు ఓబులేసు.

ఆమె అభ్యాసం చేసింది. పెన్సిలు కోసం వచ్చిన వాళ్ళకి తల ఎత్తకుండా "వస్తాది" అని చెప్పింది. వాళ్ళు సణుక్కుంటూ వెళ్ళేవాళ్ళు. వాళ్ళు మలుపు తిరగ్గానే పరుగెత్తుకెళ్ళి పెన్సిలు ఇచ్చి వచ్చేది. నీ వల్ల కాదు మేడం, నీకు చదువెక్కువైంది అని ఓబులేసు తీర్పు చెప్పాడు. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం వైపు ఒకసారి చూసి, చూసినందుకు తానే చిరాకుపడి గోడ గడియారం వైపు తిరిగాడు.

పరీక్ష రేపనగా, ఆమె చివరి అభ్యాసంగా, గొంతులో ఏమీ లేకుండా, నేల చూపులు చూస్తూ, ఏమన్నా వచ్చిందా అన్నా అని అడిగింది. పాఠం ప్రకారం అతను "వస్తాది" అనాలి.

"ఒకటి వస్తాంది" అన్నాడు ఓబులేసు. "అయితే రాలేదు."

ఆమె గొంతు మార్చకుండానే, అంటే ఏమని అడిగింది.

పన్నెండు రోజులుగా రోజూ ఒక చప్పుడు వినబడుతోందని అతను చెప్పాడు. మొదటి రోజు సరిగ్గా మూడింటికి. ఈ రోజు రెండూ పదహారుకి.

"దినానికి నాలుగు నిమిసాలు ముందొస్తాంది మేడం. ఇరవై రెండేండ్లు టైములు సూసినోన్ని. బస్సు లేటొస్తాది, ల్యాకుంటే రాదు. రోజూ లెక్కబెట్టినట్టు ముందొచ్చేది బస్సు గాదు."

ఆమె చేతిలో గ్లాసు ఒరిగి టీ అంతా స్టోర్సు రిజిస్టరు మీద పోయింది. నాకు అర్థం కాలేదని గ్రహించి, నా వైపు తిరిగి, చాలా మెల్లగా చెప్పింది. గ్రైండరు మన గడియారం చూసుకుని మోగుతుంది కాబట్టి రోజూ ఐదింటికే వినిపించింది. నక్షత్రాలకి మన గడియారంతో పనిలేదు. అవి రోజుకి నాలుగు నిమిషాలు ముందుగా మన నెత్తి మీదికి వస్తాయి. కదలని పళ్ళెం ముందుకి రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వచ్చేది ఈ భూమి మీది వస్తువు కాదు.

"ఎట్లుంటాదన్నా ఆ సప్పుడు?"

"ఎట్లుండేదేముంది. ఒక మాట అడుగుతాది. రోంతసేపు ఆగుతాది. మల్లా అదే మాట అడుగుతాది. కౌంటరు కాడ నిలబడినోల్లు అంతే గదా."

"మల్ల నువ్వేం రాసినావు?"

"రాలేదని రాసినా."

"యాలన్నా?"

"సప్పుడు ఇనపడితే బస్సొచ్చినట్టా మేడం? ప్లాట్‌ఫారం మీదికొచ్చి నిలబడితే గదా రాసేది."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. రేపు రెండూ పన్నెండు. ఐదో రోజుకి రెండుకి ముందే వచ్చేస్తుంది. రెండుకి ముందు కుర్చీలో ఎవరూ ఉండరు. అది వచ్చి, అడిగి, ఆగి, మళ్ళీ అడిగి వెళ్ళిపోతుంది. డైరెక్టరు గారికి చెబుదామా అన్నాను. అన్న మరుక్షణం ఐదో సవరణ గుర్తొచ్చింది. ఓబులేసు "వచ్చింది" అని రాస్తే ఆ నమోదు రద్దవుతుంది, అతన్నీ పంపేస్తారు. స్టోర్సు గుమస్తా వెళ్ళి చెబితే పరీక్ష కూడా పెట్టకుండా భూగర్భంలోకి పంపేస్తారు. నేను చెబితే, నా ఆసక్తిని ఎవరు కొలవాలన్న దాని మీద ఒక సంఘం వేస్తారు.

మర్నాడు ఉదయం ఆమె వేలికి పట్టీ కట్టాను. తొంభై తొమ్మిది వస్తుందని నాకు తెలుసు. రాత్రంతా నిద్రపోలేదని ఆమె కళ్ళే చెబుతున్నాయి. నేనూ పోలేదు. "ఫలానా గ్రహం మీద నీటి ఆవిరి ఉంది" అని చదివాను.

వ్యత్యాసం సున్నా.

పరికరం పాడైందనుకున్నాను. బుధవారం కరెంటు, సున్నా. సుదూర నక్షత్రాల కాంతి, సున్నా. ఇరవై వాక్యాలకీ సున్నా. అప్పుడు ముందరి అంకె చూశాను. నేను నోరు తెరవక ముందే ఆమె నాడి ఎంత వేగంగా కొట్టుకోగలదో అంత వేగంగా కొట్టుకుంటోంది. అరచేయి ఎంత చెమర్చగలదో అంతా చెమర్చింది. ఆసక్తి పెరగలేదు. పెరగడానికి చోటు లేదు. నా పరికరం కొలిచేది మార్పుని. నిండా మండేదానికీ ఎప్పుడూ అంటుకోనిదానికీ దాని లెక్కలో తేడా లేదు. పదేళ్ళు నిరాసక్తత మీద పరిశోధన చేసి, అందులో ఈ సంగతి రాయలేదు నేను.

నిబంధనల పుస్తకం తీసి చూశాను. వ్యత్యాసమే ఆసక్తి అని నా మాటల్లోనే ఉంది. సున్నా అని రాసి సంతకం చేశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

కోదండపాణి గారు సంస్థ చరిత్రలో ఇది సంస్కరణకు లభించిన విజయమని ప్రకటించి, తొంభై ఆరు నుండి సున్నాకు దిగిన ఉద్యోగినిని నలుగురిలో అభినందించారు. ఆమె నేల చూపులు చూస్తూ నిలబడింది. సరిగ్గా ఆ ఐదో రోజుకే ఉదయం డ్యూటీ కుర్చీలో కూర్చోబెట్టారు. కొత్తవాళ్ళ ముఖకవళికలను మొదటి రోజు నేను అద్దంలోంచి గమనించాలన్నది నిబంధన.

ఒకటీ యాభై ఆరుకి ఆమె భుజాలు కదలడం మానేశాయి. ముఖంలో ఏమీ లేదు. ఓబులేసు చూస్తే మెచ్చుకునే ముఖం. రెండు నిమిషాలు అలాగే ఉండి, పెన్సిలు తీసి, రిజిస్టర్లో "రాలేదు" అని రాసింది.

రెండింటికి బయటికి వచ్చాక, ఎందుకలా రాశారని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను. నాకే వింతగా అనిపించింది.

"వచ్చిందని రాస్తే రేపు ఈ కుర్చీలో ఎవరుంటారు సార్?" అంది. "ఒక్క రోజు విని నమ్మితే నాకూ పాత డైరెక్టరు గారికీ తేడా లేదు. వింటున్నది నేనో నా ఆశో నాకు తెలియాలి. రోజూ వినాలి. చాలా రోజులు వినాలి" అంది.

డ్యూటీకి వచ్చిన ఓబులేసు మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. అదే అడుగుతాందా అని ఆమెని అడిగాడు. అదే, అంది ఆమె. రేపు ఎన్నింటికి అన్నాడు. ఒకటీ యాభై రెండు అని చెప్పింది. అతను తల పంకించి లోపలికి వెళ్ళాడు. ఎంక్వైరీ మనిషి ఒకరిని సమయం అడగడం నేను చూశాను. నెలవారీ పరీక్షలో ఆ నెల అతనికి పదకొండు వచ్చింది. ఎండ దెబ్బ అని రాశాను.

మూడు నెలలు గడిచాయి. రెడ్డెమ్మ రోజూ "రాలేదు" అని రాసింది. సొంత పుస్తకంలో ఇంకేదో రాసుకుంది. స్టోర్సు రోజుల్లో చెడిపోయిన రిజిస్టరు వెనక పేజీలవి. టీ మరకల మీద అంకెలు. ఒక్క తప్పుడు ప్రకటన కూడా లేని ఏకైక అన్వేషణ కేంద్రంగా బోడితిప్పకి అవార్డు వచ్చింది. అవార్డు అందుకోవడానికి కోదండపాణి గారు ఆలస్యంగా వెళ్ళారు, కావాలనే.

ఆ చప్పుడు జరుగుతూ జరుగుతూ తొంభై రోజుల్లో ఉదయం ఎనిమిదికి వచ్చేసింది. మర్నాడు ఏడూ యాభై ఆరు. రెడ్డెమ్మ ఏడూ యాభై ఆరుకి ముందే వచ్చి వేలిముద్ర వేసింది. ఆ మర్నాడు ఇంకో నాలుగు నిమిషాలు ముందు. నాకు భయం పట్టుకుంది. పదకొండు రోజులకి, అనుకున్నట్టే, హాజరు విభాగం నుంచి మెమో వచ్చింది. "సదరు ఉద్యోగిని నిర్ణీత సమయమునకు నలభై నాలుగు నిమిషములు ముందుగా విధులకు హాజరగుచున్నట్లును, ఇది దినదినము పెరుగుచున్నట్లును గమనించడమైనది. ఇది తీవ్రమైన ఆసక్తిగా ఎందుకు పరిగణించరాదో, కుర్చీ నుండి ఎందుకు తొలగించరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. మనస్తత్వ నిపుణుని అభిప్రాయము జతపరచవలెను."

ఆమె మెమో చదివి నా బల్ల మీద పెట్టింది. తన పుస్తకం నా ముందు తెరిచింది. నూట ఒక్క పేజీలు. పేజీకి ఒక రోజు. ప్రతి పేజీలో అదే మాట, అదే విరామం. చివరి పేజీల్లో మాత్రం విరామం కొంచెం పెరిగింది. ఎందుకని అడిగాను.

"ఇంతసేపు ఆగితే సరిపోదేమో, దూరంగా ఉన్నవాళ్ళకి ఇంకొంచెం సమయం ఇద్దాం అనుకుంటున్నారేమో సార్" అంది. వెంటనే, "ఇది నా ఆశ. అందుకే పెన్సిలుతో రాశాను. కొలతలు పెన్నుతో రాశాను" అంది.

ఆ కుర్చీ పోతే నూట రెండో పేజీ ఉండదు.

నేను కాగితం తీసుకున్నాను. నా జీవితంలో నాకు అంతగా కావాలనిపించినది ఇంకొకటి లేదు కాబట్టి, చాలా నిర్లిప్తంగా రాశాను. "సదరు ఉద్యోగిని ముందుగా వచ్చుటకు కారణము ముందుగా వెళ్ళిపోవలెనను కోరిక మాత్రమే. వేలిముద్రల యంత్రమును పరిశీలించినచో ఆమె అదే నిష్పత్తిలో ముందుగా వెళ్ళిపోవుచున్నట్లు తెలియగలదు. పని పట్ల ఆసక్తి గలవారు పనిని తలచుకొనుచు వత్తురు. ఈమె ఇంటిని తలచుకొనుచు వచ్చుచున్నది. రోజుకు నాలుగు నిమిషముల వంతున ఈమె మనస్సు విధుల నుండి వైదొలగుచున్నది. నా వృత్తి జీవితములో ఇంత క్రమబద్ధమైన నిరాసక్తతను చూచియుండలేదు."

ఆమె ముందుగా వెళ్ళిపోతోందన్నది నిజమే. ఆరు గంటలు నిండగానే లేచి, పుస్తకం పట్టుకుని, గుట్ట కింద వాళ్ళమ్మ ఇంటికి లెక్కలు చేసుకోవడానికి పరుగెత్తేది. ఆమె వెళ్ళాక రెండింటి వరకు కుర్చీ ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ మీద ఏ విభాగం నుంచీ మెమో రాలేదు.

కోదండపాణి గారు నా అభిప్రాయం రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మత్స్యశాఖలో ఇరవై ఏళ్ళు చేశాను డాక్టరు గారూ, ఇలాంటి మనిషిని చూడలేదు అన్నారు. అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. "రోజుకు నాలుగు నిమిషముల వంతున పనికి దూరమగుచున్న ఇట్టి ఉద్యోగిని ఈ కేంద్రమునకు ఆభరణము. మెమో ఉపసంహరించడమైనది. ఈమె రాకపోకల సమయమును ఇకమీదట ఎవ్వరును ప్రశ్నించరాదు. పదవీ విరమణ పర్యంతము ఈమెను ఆ కుర్చీ నుండి కదల్చుటకు ఏ అధికారికిని అధికారము లేదు."

మర్నాడు ఉదయం ఆ కాగితం పట్టుకుని వినికిడి గదికి వెళ్ళాను. మెట్ల మీద ఓబులేసు కూర్చుని ఉన్నాడు. అతని డ్యూటీకి ఇంకా ఏడు గంటలుంది. నేను పలకరిస్తే నోటి మీద వేలు పెట్టుకుని తలుపు వైపు చూపించాడు.

తలుపు తీశాను. ఏడూ పన్నెండు. రెడ్డెమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ఉత్తర్వు వచ్చింది, ఇక మిమ్మల్ని ఎవరూ కదిలించలేరు అని చెప్పబోయాను. ఆమె హెడ్‌ఫోన్లు తీయకుండానే చెయ్యెత్తి నన్ను ఆగమంది. అవతలి వాళ్ళు ఇంకా అడగడం పూర్తి చేసినట్టు లేదు.

నేను ఆగాను.